పొలము కుదువబెట్టి ఎం.బి.ఏ. చదివింపవచ్చునా?

గత మాసమున మా సంఘ కార్యాలయమునకు ఒక సభ్యుడు వచ్చి, తన రెండెకరముల మాగాణిని తాకట్టుపెట్టుకొని పదునైదు లక్షల రూపాయలు ఋణము ఇప్పింపగలరా యని యడిగెను. ఋణము సేద్యము కొఱకు గాదు, బోరు కొఱకు గాదు, ఇంటిలోని శుభకార్యము కొఱకును గాదు. బి.కాం. ప్యాసైన కుమారుని వ్యాపార నిర్వహణములో పై పట్టమునకు, అనగా ఎం.బి.ఏ. చదువునకు, ఇంగ్లండు పంపవలెనని యాతని సంకల్పము. పట్టణములోని యొక ఏజెంటు, సీటు సిద్ధముగా నున్నదనియు, పది దినములలో తొలి వాయిదా సొమ్ము కట్టనిచో అది చేజారిపోవుననియు తొందరపెట్టుచున్నాడట. ఆ సభ్యుడు ఇరువది యేండ్లుగా సంఘమునకు ఒక్క కిస్తీయైనను తప్పనివాడు. కాదనుటకు మాకు నోరాడలేదు. సరే యనుటకు మనసొప్పలేదు.

పాలకవర్గ సమావేశమున ఈ విషయము వచ్చినపుడు అభిప్రాయములు రెండుగా చీలినవి. పెద్దలలో ఒకరు, "పిల్లవాని చదువునకు అడ్డుపడిన పాపము మనకేల?" అనిరి. మఱియొకరు, తమ అన్నగారి కుమారుడు ఎం.బి.ఏ. పట్టము చేతబట్టుకొని హైదరాబాదులో నెలకు పదునెనిమిది వేల జీతముపై క్రెడిట్ కార్డులు అమ్ముచున్నాడని చెప్పి, "దీనికా మాగాణి పోగొట్టుకొనుట?" అనిరి. తుదకు పదునైదు దినములు గడువు పెట్టి, విషయమును విచారించు భారమును ఈ పత్రికను నడపు మాపై నుంచిరి. విచారించినకొలది ఇది ఒక్క యింటి సమస్య గాదని తెలిసినది. ప్రతి గ్రామములోను రెండు మూడిండ్లలో ఇదే మాట నలుగుచున్నది. కావున మాకు తోచినదానిని సభ్యులందఱి యెదుట పెట్టుచున్నాము.

మొదట మా యుద్దేశమును దాచక చెప్పెదము. రైతుబిడ్డ వ్యాపారవిద్య నేర్వవలెననుటలో మాకు సందేహము లేదు. పండించుట మన చేతిలో నున్నది. తూకము, నిల్వ, రవాణా, ధర, అమ్మకము పరుల చేతిలో నున్నవి. ఈ స్థితి మాఱవలెనన్నచో ఆ విద్య తెలిసినవారు మన యిండ్లలోనే పుట్టవలెను. కాని విద్య వేఱు, పట్టము వేఱు. పట్టమును కొనుటకు పొలమును అప్పగించు బేరమునకు మేము సమ్మతింపము. మన తాతల కాలమున ప్లీడరీ చదువునకై భూములమ్మినవారు కలరు. తండ్రుల కాలమున ఇంజనీరింగు సీటునకై డొనేషనులు కట్టిరి. ఇప్పుడు ఎం.బి.ఏ. వంతు వచ్చినది. ప్రతి తరములోను ముందుగా వెళ్లిన నలుగురు బాగుపడిరి. వారిని చూచి వెనుక పరుగెత్తిన నలువది మంది అప్పులపాలైరి.

ఈ చదువు ఎట్టిది? ఏ డిగ్రీ ప్యాసైనవారైనను చేరదగిన రెండేండ్ల చదువిది. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము 1908లో దీనికై ప్రత్యేక విద్యాలయమును నెలకొల్పినది. మన దేశమున 1961లో కలకత్తాయందును, అహమ్మదాబాదునందును ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ అను సంస్థలు ఏర్పడినవి; వీనినే జనులు ఐ.ఐ.ఎం.లని వ్యవహరింతురు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయము దేశములో ఈ విద్యను తొలుత చేపట్టినవానిలో నొకటి. విశాఖపట్టణములోనే 2015లో ఒక ఐ.ఐ.ఎం. కూడ వచ్చినది. జమాఖర్చుల లెక్కలు, ఖరీదు కట్టుట, పెట్టుబడి సమకూర్చుట, సరకునకు గిరాకి కల్పించుట, పనివారిని నడుపుట, అంకెలనుండి నిజమును రాబట్టుట, ఇవి యిందలి ప్రధాన విషయములు. నడుమ వేసవిలో రెండు నెలలు ఏదేని సంస్థలో పనిచేసి రావలెను.

ఈ పేరులు విని భయపడనక్కఱలేదు. గుంటూరు మిరప యార్డునకు సరకు తోలు రైతులకు ఇందలి ముఖ్యమైన పాఠమొకటి అనుభవములోనిదే. పంట వచ్చిన దినమున క్వింటాలు ధర రూ. 12,000 అనుకొందము. రైతు అమ్మక, శీతల గిడ్డంగిలో ఆరు నెలలు దాచెను. ఆ సొమ్ము అప్పటికే చేతికి వచ్చియున్నచో నూటికి సాలుకు 12 వంతున తీరిపోవలసిన వడ్డీ ఆరు నెలలకు రూ. 720. గిడ్డంగి అద్దె, హమాలీ, తరుగు కలిపి మఱి రూ. 480 అనుకొందము. అనగా ఆరు నెలల పిదప ధర రూ. 13,200 అయినగాని రైతు పూర్వపు దినమున నున్నచోటనే యుండడు. అప్పుడు రూ. 12,800లకు అమ్మి, ఎనిమిది వందలు లాభము వచ్చినదని మీసము దువ్వుకొనువాడు నిజమునకు నాలుగు వందలు నష్టపడినవాడు. కాయ రంగు తగ్గినచో నష్టము ఇంకను పెరుగును. సరకు నిల్వకు అగు ఖర్చును గూర్చి ఆ కళాశాలలలో చెప్పు పాఠమునకు ఇదియే బీజము. ఈ లెక్కను సంఘ గుమాస్తా సరకు కోతకు రాకముందే కట్టి, కార్యాలయపు గోడపై వ్రాసిపెట్టగలిగినచో ఎన్ని యిండ్లకు మేలగును! విద్య యనిన మేమనుకొనునది యిదియే.

ఇక ఎక్కడ చదువుట యను ప్రశ్న. ఇది మొదటి ప్రశ్నకంటె ముఖ్యమైనది, ఏలయన ఎం.బి.ఏ. అను పేరు ఒక్కటే యైనను, ఆ పేరుతో అమ్ముడుపోవు సరకు పలువిధములు. ఐ.ఐ.ఎం.లకు పోవలెనన్నచో క్యాట్ అను పరీక్ష వ్రాయవలెను. అది ఏటేట నవంబరు చివర జరుగుచున్నది. దేశమంతట లక్షల మంది వ్రాయుదురు. అహమ్మదాబాదువంటి చోట రెండేండ్లకు ఫీజులే రూ. 20 లక్షలు దాటును. హైదరాబాదులో 2001లో ప్రారంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లో చదువు ఒక్క సంవత్సరమే గాని, ఖర్చు రూ. 30 లక్షలకు పైమాట; అచ్చటివారు ప్రధానముగా కొంతకాలము ఉద్యోగము చేసినవారినే తీసికొందురు. ఈ తరగతి విద్యాలయములలో సీటు వచ్చినచో భయపడవలదని మా యభిప్రాయము. ఖర్చు పెద్దదే, కాని బ్యాంకులు అట్టి విద్యార్థికి పొలము చూడకయే అప్పిచ్చుటకు ముందుకు వచ్చును. బ్యాంకు ధైర్యము చేయుచున్నచోట తండ్రి కొంత ధైర్యము చేయవచ్చును.

రెండవది, మన రాష్ట్రములలోని విశ్వవిద్యాలయములును, వానికి అనుబంధించిన కళాశాలలును. వీనికి ఐసెట్ పరీక్ష ద్వారము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు వేర్వేఱుగా దీనిని నడపుచున్నవి. రెండున్నర గంటలలో 200 ప్రశ్నలు, 200 మార్కులు. ఇందులో నూటికి 25 మార్కులు వచ్చినచో అర్హత వచ్చును. షెడ్యూల్డు కులములకును, తెగలకును ఆ నియమము కూడ లేదు. కావున "మావాడు ఐసెట్ ప్యాసైనాడు" అనుమాటకు పెద్ద విలువ లేదని సభ్యులు గ్రహింపవలెను. ర్యాంకు ఎంత, అది ఏ కళాశాలకు చేర్చును అనునదే ప్రశ్న. విశ్వవిద్యాలయపు సొంత కళాశాలలో మంచి అధ్యాపకులవద్ద సీటు వచ్చినచో తక్కువ ఖర్చుతో నిండు చదువు దొరకును. అట్లు గాక, రహదారి ప్రక్కన బస్సులు మాత్రము నిండుగానుండి తరగతులు ఖాళీగానుండు కళాశాలలో చేరినచో, అది రెండేండ్ల చదువు గాదు, రెండేండ్ల వాయిదా. డిగ్రీ ముగిసినది, ఉద్యోగము రాలేదు, ఊరిలో నలుగురడుగుదురు, కావున ఎం.బి.ఏ.లో చేరుదము అను తలంపుతో పోవువారే అచ్చట ఎక్కువ. ఫీజు రీయింబర్సుమెంటు వచ్చుచున్నదిగదా యని కొందఱందురు. ఆ సొమ్ము ఆలస్యమైనపుడు సర్టిఫికెట్లు కళాశాల బీరువాలో చిక్కుకొనుటయు, పిల్లలు ఉద్యోగపు ఇంటర్వ్యూకు వట్టి చేతులతో పోవుటయు మనము చూచినదే. సొమ్ము ప్రభుత్వముదైనను ఆ రెండేండ్లు మన పిల్లలవి.

కళాశాలవారు ఇచ్చు కరపత్రములలో "సగటు జీతము" అని పెద్ద అక్షరములతో అచ్చువేయుదురు. దీనినిగూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. ఒక యూరిలో పదిమంది రైతులున్నారనుకొనుడు. తొమ్మిది మందికి తలకొక యెకరము. పదియవవానికి నలువది యొక్క యెకరములు. మొత్తము ఏబది, సగటు అయిదెకరములు. ఆ యూరిలో అయిదెకరముల రైతు ఒక్కడైనను లేడు! కళాశాల చెప్పు సగటు జీతము తఱచు ఇట్టిదే. ఎవరో యొకనికి వచ్చిన పెద్ద జీతము తక్కినవారి చిన్న జీతములను కప్పివేయును. కావున సగటును గాక, జీతములను తక్కువనుండి ఎక్కువకు వరుసగా పేర్చినచో నడిమివానికి ఎంత వచ్చినదని అడుగవలెను. మొత్తము ఎందఱు చేరిరి, ఎందఱికి ఉద్యోగము వచ్చినది, ఉద్యోగము రానివారిని లెక్కలో కలిపిరా తీసివేసిరా అనియు అడుగవలెను. కేంద్రప్రభుత్వము 2016 నుండి విద్యాసంస్థలకు ర్యాంకులు ప్రకటించుచున్నది. నిర్వహణ విద్యకు అందులో ప్రత్యేకమైన పట్టిక కలదు. దానిని చూడవచ్చును. అంతకంటె మంచి ఉపాయమొకటి కలదు: పోయిన యేడు ఆ కళాశాలలో చదివి వచ్చిన యిద్దఱిని వెదకి, వారి యింటికి పోయి కూర్చుండి మాటాడుట. గేదెను కొనబోయినపుడు పాలు పితికి చూడక బేరమాడుదుమా?

మేము ముఖ్యముగా చెప్పదలచినది మఱియొక తరగతి విద్యాలయములను గూర్చి. మన సభ్యులలో చాలమందికి వీని పేరులే తెలియవు. గుజరాతులోని ఆనందు పట్టణమున 1979లో స్థాపింపబడిన గ్రామీణ నిర్వహణ విద్యాలయము కలదు. దీనిని ఇర్మా యందురు. దీనిని స్థాపించిన వర్గీసు కురియన్‌గారి కథ సహకార సభ్యులకు కొంత తెలిసినదే. ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘము 1946లో రిజిస్టరైనది. దానికి త్రిభువన్‌దాస్ పటేల్‌గారు నాయకులు. అమెరికాలో ఇంజనీరింగు చదివిన కురియన్‌గారు 1949లో ప్రభుత్వపు స్కాలర్‌షిప్ షరతు తీర్చుకొనుటకై ఆనందులోని ప్రభుత్వ పాలకేంద్రమునకు ఇష్టములేకయే వచ్చిరి. షరతు తీరిన పిదప వెళ్లిపోవలసినవారు. పటేల్‌గారి మాటపై నిలిచిపోయిరి. రైతుల పక్షమున నిలిచిన పెద్ద, పని తెలిసిన ఉద్యోగి, ఈ యిద్దఱును ఒకచోట కలిసినందున అమూల్ పుట్టినది. ఒక్కరే యున్నచో పుట్టియుండెడిదని మేము నమ్మము. అట్టి ఉద్యోగులను రైతుల సంఘములకై తయారుచేయుటకే ఇర్మా యేర్పడినది. 2025లో పార్లమెంటు చేసిన చట్టముచే ఇది త్రిభువన్ సహకారి విశ్వవిద్యాలయములో భాగమైనది. ఏ డిగ్రీ చదివినవారైనను ఇచ్చట చేరవచ్చును. అచ్చట చదివినవారందఱును సంఘములకే పోవుదురని మాత్రము అనుకొనరాదు. బ్యాంకులకును, కంపెనీలకును పోవువారు చాలమంది కలరు. దానికి కారణమును క్రింద వ్రాసెదము.

పూనాలో సహకార నిర్వహణమునకై 1967లో వెలసిన వైకుంఠ మెహతా సంస్థ కలదు. మన ముంగిటనే, హైదరాబాదు చెంత రాజేంద్రనగరములో, వ్యవసాయ విస్తరణ నిర్వహణకై 1987లో ఏర్పడిన మేనేజ్ అను సంస్థ వ్యవసాయ వ్యాపారములో రెండేండ్ల డిప్లొమా నిచ్చుచున్నది. అక్కడనే వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీయు ఇట్టి చదువు చెప్పుచున్నది. తిరుపతి వ్యవసాయ కళాశాలలో ఆచార్య రంగా విశ్వవిద్యాలయమువారి వ్యవసాయ వ్యాపార విభాగము కలదు. వీనిలో కొన్ని బి.ఎస్సీ. వ్యవసాయము లేక దానికి చేరువైన డిగ్రీ చదివినవారినే తీసికొనును. బి.కాం. పిల్లవానికి ఆనందు తలుపు తెఱచియున్నది. రాజేంద్రనగరపు తలుపు సాధారణముగా మూసియున్నది. దరఖాస్తు సొమ్ము కట్టకముందే ఈ సంగతి చూచుకొనవలెను. అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం.లో సైతము ఆహార, వ్యవసాయ వ్యాపారములకు ప్రత్యేకమైన రెండేండ్ల చదువు కలదు.

పని మానలేనివారికి దూరవిద్య కలదు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము, హైదరాబాదులోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఎం.బి.ఏ. నడుపుచున్నవి. దీనివలన పెద్ద కంపెనీలలో ఉద్యోగము వచ్చునని మేము చెప్పము. సంఘములలో ఇప్పటికే కార్యదర్శులుగా, లెక్కల గుమాస్తాలుగా నున్నవారికి మాత్రము ఇది చాలును.

అప్పు మాట. మన రైతునకు వడ్డీ తెలియనిది గాదు; కాని చదువు అప్పు నడక పంట అప్పు నడక వంటిది గాదు. పంట ఋణమును సకాలములో చెల్లించినవారికి మూడు లక్షల వఱకు కేంద్రప్రభుత్వపు రాయితీ పోను నూటికి 4 వంతుననే వడ్డీ పడుచున్నది. చదువు ఋణమునకు దానికి రెట్టింపును మించియుండుట సాధారణము. చదువుకాలమును, ఆపైన ఒక సంవత్సరమును కిస్తీ కట్టనక్కఱలేదు. ఇది విని సంతోషింతురు. కాని వడ్డీ అప్పుడును నడచుచునే యుండును. పది లక్షలు నూటికి 10 వంతున మొదటనే తీసికొన్నచో మూడేండ్లకు వడ్డీ మూడు లక్షలు. పదుమూడు లక్షలను పదేండ్లలో తీర్చుటకు నెలకు రూ. 17 వేలకు పైగా కట్టవలెను. పదునెనిమిది వేల జీతగాడు దీనిని కట్టి ఏమి తినును? ఈ ఒక్క లెక్కను ప్రతి తండ్రియు కాగితముపై వేసి చూడవలెను. చేతికి వచ్చు జీతములో మూడవ వంతునకు మించి కిస్తీ పోవునట్లున్నచో ఆ చదువు మనది గాదని మా యభిప్రాయము.

పొలము తాకట్టు లేకుండ అప్పు పుట్టదను భయముతో సంఘమునకు వచ్చువారు కలరు. ఇది నిజము గాదు. బ్యాంకులు రూ. 4 లక్షల వఱకు తాకట్టు అడుగరాదు, రూ. 7½ లక్షల వఱకు ప్రభుత్వపు హామీ పథకము కలదు. 2024 నవంబరులో కేంద్రప్రభుత్వము ఆమోదించిన విద్యాలక్ష్మి పథకము క్రింద, ఎంపికచేసిన మంచి విద్యాసంస్థలలో సీటు వచ్చినవారికి తాకట్టుగాని జామీనుగాని లేకయే ఋణమిత్తురు. కుటుంబ ఆదాయము సాలుకు రూ. 8 లక్షల లోపు నున్నచో రూ. 10 లక్షల వఱకు గల ఋణముపై, చదువుకాలములో నూటికి 3 వంతున వడ్డీ రాయితీయు కలదు. ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపుడు. ఏ కళాశాల ఆ జాబితాలో లేదో, ఏ కళాశాలకు బ్యాంకు పొలము కాగితములు అడుగుచున్నదో, ఆ కళాశాల విలువను బ్యాంకే మనకు చెప్పకయే చెప్పుచున్నది.

విదేశములను గూర్చి. మన తెలుగు పిల్లలు అమెరికాకును, ఇంగ్లండునకును పోయి బాగుపడినవారు వేలకొలది కలరు. వారి సొమ్ముతో మన యూళ్లలో మేడలు లేచినవి, బడులు లేచినవి. దానిని మేము కాదనము. కాని వారిలో పెక్కుమంది ఇంజనీరింగు, కంప్యూటరు విద్యలతో పోయినవారు. పోయిన కాలమును వేఱు. ఇంగ్లండులో చదువు ముగిసిన పిదప పని వెదకికొనుటకు రెండేండ్లు ఉండనిచ్చుచుండిరి. 2027 జనవరి 1 నుండి దరఖాస్తు చేయువారికి అది పదునెనిమిది నెలలకు తగ్గునని నిర్ణయమైనది. ఆపైన ఉండవలెనన్నచో ప్రభుత్వపు అనుమతి గల యజమాని పనియిచ్చి జామీనుగా నిలువవలెను; 2025 జూలై నుండి అట్టి ఉద్యోగమునకు సాలుకు 41,700 పౌండ్ల జీతము సాధారణ పరిమితి, క్రొత్తగా చదువు ముగించినవారికి కొంత తక్కువ. అమెరికాలో చదువు పిదప పని కాలము ఒక సంవత్సరము. శాస్త్ర, సాంకేతిక విద్యలుగా గుర్తించినవానికి మఱి రెండేండ్లు. ఎం.బి.ఏ. అన్నిచోట్ల ఆ గుర్తింపులోనికి రాదు. తరువాత కావలసిన హెచ్-1బి అనుమతులు ఏడాదికి 85,000 మాత్రమే, అవియు లాటరీపై. 2025 సెప్టెంబరులో క్రొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుమును ప్రకటించిరి. ఇవన్నియు ఏజెంటునకు తెలియనివి గావు.

మఱియొక సంగతి. ఆ దేశములలోని పేరుగల వ్యాపార విద్యాలయములు కొన్నియేండ్లు పనిచేసిన అనుభవము లేనివారిని సాధారణముగా ఎం.బి.ఏ.లో చేర్చుకొనవు. ఇరువదియొక్క యేండ్ల బి.కాం. పిల్లవానికి ఇంటర్వ్యూ సైతము లేక పది దినములలో సీటిచ్చు కళాశాల ఎట్టిదో ఊహింపుడు. ఏజెంటునకు కమిషను ఇచ్చునది కళాశాల. కావున ఆతడు కళాశాల పక్షపువాడేగాని మన పక్షపువాడు గాడు. మార్కెట్టులో దళారి ఎవరి పక్షమో తెలిసిన రైతునకు ఈ మాట విడమరచి చెప్పనక్కఱలేదు. బ్యాంకు ఖాతాలో చూపుటకు నెలదినములు సొమ్ము అప్పిచ్చి వడ్డీ గుంజు వ్యాపారమును ఈ ఏజెంట్ల చుట్టు మొలచినది. వీసాకై చూపిన ఆ సొమ్ము విమానమెక్కునాటికి ఖాతాలో నుండదు. అచ్చట పిల్లవాడు ఏమి తినవలెను?

డిగ్రీ ముగియగనే ఎం.బి.ఏ.లో చేరుటకంటె రెండేండ్లు ఏదేని పనిచేసి చేరుట మేలని మా తలంపు. పని యనిన పెద్ద కంపెనీ పనియే కానక్కఱలేదు. విత్తనపు కంపెనీలో, గిడ్డంగిలో, పాలకేంద్రములో, జిన్నింగు మిల్లులో, రైతు ఉత్పత్తిదారుల సంఘములో లెక్కలు వ్రాసినను చాలును. సరకు తరుగు చూచినవానికి పాఠములోని తరుగు అర్థమగును. జీతములు పంచినవానికి పనివారిని నడుపుటనుగూర్చి చెప్పునది అర్థమగును. మా సభ్యురాలొకరి కుమార్తె బి.ఎస్సీ. వ్యవసాయము చదివి, ఒక ఉత్పత్తిదారుల సంఘములో పసుపు కొనుగోలు లెక్కలు రెండేండ్లు చూచినది. పిదప రాజేంద్రనగరమున సీటు సంపాదించుకొన్నది. ఇంటర్వ్యూలో ఆమెను అడిగిన ప్రశ్నలలో సగము పసుపును గూర్చియేనట. ఆ తల్లి మావద్దకు వచ్చి, "ఆడపిల్లకు ఇంకను రెండేండ్లు ఆలస్యమా?" అని సందేహించినది. పెండ్లికని దాచిన సొమ్ము తాకక బ్యాంకు అప్పుతోనే చదువుకొనుటకు ఆ పిల్ల సిద్ధపడినపుడు అడ్డుచెప్పవలదని మేము చెప్పితిమి. ఆమె యిప్పుడు రెండవ సంవత్సరములో నున్నది.

ఆ పిల్ల చదువు ముగించి మన సంఘమునకే వచ్చి, "నాకు పని యిండు" అని అడిగినచో మనము ఏమి చెప్పుదుము? ఇది మమ్ము సిగ్గుపడజేయు ప్రశ్న. ఎంత జీతమిత్తుము? కేంద్రప్రభుత్వము 2020లో పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘముల పథకమును ప్రారంభించినపుడు, ముఖ్య కార్యనిర్వాహకుని జీతమునకై నెలకు రూ. 25,000 వఱకే సాయము నిర్ణయించినది. అదియు కొన్నియేండ్ల వఱకే. మన ప్రాథమిక సంఘములలో చాలచోట్ల అంతయును లేదు. చదివినవారు కంపెనీలకు పోవుచున్నారని కురియన్‌గారి విద్యాలయమును నిందించుట సులభము. వారిని పిలిచి కుర్చీ వేసినవారెవరు? కోట్ల రూపాయల ధాన్యము కొనుగోలు చేయు సంఘములో, ఆ కొనుగోలును నడపువానికి పట్టణములో సరకులు చేరవేయు పిల్లవాని జీతమైనను ఇవ్వక, వానినుండి నిజాయితీయు తెలివియు ఆశించుట న్యాయమా? కరీంనగరు ప్రాంతములోని ముల్కనూరు సహకార సంఘము 1956లో ఏ.కె. విశ్వనాథరెడ్డిగారి నాయకత్వమున మొదలై, ఋణములతో ఆగక, విత్తనశుద్ధి, బియ్యపు మిల్లు, ప్రత్తి జిన్నింగు వఱకు తన చేతిలోనికి తెచ్చుకొన్నది. చదువుకొన్నవానికి పని కల్పింపగల సంఘము అట్టిది. ఎరువుల బస్తాలు పంచుటతో సరిపెట్టుకొను సంఘమునకు ఎం.బి.ఏ. ఏల యని అడుగువారికి మేము బదులు చెప్పలేము. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని బస్తాలు పంచుటతో సరిపెట్టుకొనవలెనా యనునది అంతకు ముందటి ప్రశ్న.

మొదట చెప్పిన సభ్యుని సంగతి. గడువు దినమున మేము పాలకవర్గమునకు మా యభిప్రాయమును వ్రాసి యిచ్చితిమి: మాగాణిపై ఆ ఋణము ఇప్పింపరాదు, పిల్లవాడు ఒప్పుకొన్నచో సంఘపు విత్తన గిడ్డంగిలో ఒక సంవత్సరము లెక్కల పని యిచ్చి, ఆనందు పరీక్షకును క్యాట్‌కును చదువుకొనుటకు సాయంకాలములు విడువవలెను. ఎనిమిది మందిలో అయిదుగురు సమ్మతించిరి. తండ్రికి కోపము వచ్చినది. "మీ పిల్లలైతే ఇట్లే చెప్పుదురా?" అని మా ముఖముననే యడిగి వెళ్లిపోయెను, ఆనాటినుండి మాతో మాటలాడుటలేదు. ఆ మాట మమ్ము గ్రుచ్చుచునే యున్నది. మేము చెప్పినది తప్పై, ఆ పిల్లవానికి ఒక మంచి దారి మూసితిమేమో యను శంకయు మాకు లేకపోలేదు. ఏజెంటు మాత్రము సీటు చేజారినదనక, ఫీజులో లక్ష తగ్గింతునని మరల ఫోను చేసినాడట. పిల్లవాడు తనంతతానే వచ్చి గిడ్డంగి పుస్తకములు అడిగి తీసికొన్నాడు. మొదటి వారములోనే, నిరుటి వేరుసెనగ విత్తనములలో పదునాలుగు బస్తాలు రెండుసార్లు జమకట్టియున్నవని కనిపెట్టినాడు.

ముఖ్య ఉద్యోగి జీతమును పెంచు తీర్మానమును రాబోవు మహాజనసభలో ప్రవేశపెట్టుటకు నోటీసు ఇచ్చితిమి. సభ్యులు దానిపై తమ యభిప్రాయములను ముందుగా వ్రాసి పంపవలెను. తమ పిల్లలను ఈ చదువునకు పంపదలచినవారు వచ్చే మాసము మొదటి సోమవారము సాయంకాలము ఐదు గంటలకు సంఘ కార్యాలయమునకు రావచ్చును. బ్యాంకు మేనేజరుగారు వచ్చుటకు అంగీకరించిరి. పిల్లలను వెంటబెట్టుకొని, వారు చేరదలచిన కళాశాల కరపత్రమును తీసికొని రావలెను. పట్టాదారు పాసుపుస్తకములు తేనక్కఱలేదు.